ఆగకుండా మారిన టెలిస్కోపు

పుణే నుంచి నాసిక్ వెళ్లే రహదారి మీద నారాయణగావ్ వస్తుంది. టమాటా మార్కెట్టుకు, ద్రాక్ష తోటలకు పేరున్న ఊరు. అక్కడ తూర్పుకు తిరిగి ఖోడద్ వైపు పొలాల మధ్యగా వెళ్తే ఆకాశం వైపు ముఖం పెట్టిన పెద్ద పెద్ద డిష్‌లు కనిపిస్తాయి. ఒక్కోదాని వ్యాసం 45 మీటర్లు. మొత్తం 30 ఉన్నాయి. వాటిలో 14 సుమారు చదరపు కిలోమీటరు మేర ఒక గుంపుగా ఉంటాయి. మిగతా 16 ఇంగ్లీషు వై అక్షరంలా మూడు దిక్కులకు పరుచుకున్నాయి. అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు యాంటెన్నాల మధ్య ఎడం దాదాపు 25 కిలోమీటర్లు. దీని పేరు జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్, పొట్టిగా జీఎంఆర్‌టీ. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో భాగమైన నేషనల్ సెంటర్ ఫర్ రేడియో ఆస్ట్రోఫిజిక్స్ దీన్ని నడుపుతోంది. 2002 నుంచి ఏ దేశపు ఖగోళ శాస్త్రవేత్త అయినా ఇక్కడ పరిశీలన సమయం కోసం దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఈ టెలిస్కోపుతో ఏం కనిపెట్టారో పత్రికలు అప్పుడప్పుడూ రాస్తూనే ఉంటాయి. దాని వెనకాల జరిగిన పని గురించి మాత్రం ఎక్కడా పెద్దగా చదవలేదు. 2010 తర్వాత కొన్నేళ్లలో ఈ టెలిస్కోపు లోపలి సామగ్రిని దాదాపుగా అంతా మార్చేశారు. సంకేతాన్ని పట్టే ఫీడ్‌లు, దాన్ని పెంచే యాంప్లిఫైయర్లు, ఫైబర్ మీద పంపే పరికరాలు, డిష్‌ను తిప్పే మోటార్లు, చివర లెక్కలు కట్టే కంప్యూటర్లు, అన్నీ నడిపించే సాఫ్ట్‌వేర్ మారాయి. అదంతా జరుగుతుండగానే పరిశీలనలు సాగాయి, శాస్త్రవేత్తలకు డేటా అందుతూ వచ్చింది. కొత్త యంత్రాన్ని ఖాళీ స్థలంలో కట్టడం కన్నా నాకు ఇదే గొప్ప పనితనం అనిపిస్తుంది.

మారనిదేమిటో ముందు చెప్పాలి. డిష్‌ల ఉక్కు కట్టడం మారలేదు, మార్చవలసిన అవసరం రాలేదు. దాన్ని ఊహించినవాడు గోవింద్ స్వరూప్. అంతకు ముందు 1970లో ఊటీ కొండవాలు మీద 530 మీటర్ల పొడవున్న రేడియో టెలిస్కోపు కట్టించినవాడూ ఆయనే. 45 మీటర్ల డిష్‌ను రేకులతో కడితే బరువు విపరీతంగా పెరుగుతుంది, గాలి దాన్ని తోసేస్తుంది, ఖర్చు మన చేతికి అందదు. అయితే ఇక్కడ పట్టవలసినవి పొడవాటి తరంగాలు. తరంగం పొడవుతో పోలిస్తే రంధ్రం బాగా చిన్నదైతే జాలీ కూడా రేకులాగే తరంగాన్ని వెనక్కి తిప్పుతుంది. అందుకని 16 గొట్టపు చట్రాలను పువ్వు రేకుల వరసలో నిలబెట్టి, వాటి మధ్య స్టెయిన్‌లెస్ స్టీల్ తాళ్లు లాగి కట్టి, ఆ తాళ్లకు సన్నటి తీగ జాలీ బిగించారు. పట్టెల మధ్య నులక బిగించి మంచం అల్లే పద్ధతే ఇది. కాకపోతే ఇక్కడ ఒక్కో తాడు బిగువు లెక్క ప్రకారం ఉండాలి, అన్నీ కలిసి పారాబోలా ఆకారం తేవాలి. జాలీ తీగ మందం 0.55 మిల్లీమీటర్లు. కంత నడిమి భాగంలో 10 మిల్లీమీటర్లు, దాని చుట్టూ 15, అంచుల దగ్గర 20. గాలికి అడ్డుపడే భాగం నూటికి 7 వంతులే. 21 సెంటీమీటర్ల తరంగానికి కూడా ఈ కంతలు సరిపోతాయని ముందే చూసుకున్నారు. తర్వాతి తరం ఇంజినీర్లు ఎలక్ట్రానిక్స్ మీదే దృష్టి పెట్టగలిగారంటే ఈ డిష్ అంత బాగా కుదరడమే కారణం. తుప్పు పట్టకుండా రంగు వేయడం, తెగిన చోట జాలీ మార్చడం మాత్రం ఎప్పుడూ ఉండే పనులు.

ఇక మార్పు ఎందుకు కావలసి వచ్చింది? పాత జీఎంఆర్‌టీ 150, 235, 325, 610 మెగాహెర్ట్జ్‌ల చుట్టూ నాలుగు చిన్న పట్టీల్లోనూ, 1000 నుంచి 1450 వరకు ఒక పెద్ద పట్టీలోనూ వినేది. ఆ పట్టీల మధ్య పెద్ద ఖాళీలు ఉండేవి. పైగా ఎక్కడ విన్నా ఒకేసారి 32 మెగాహెర్ట్జ్‌ల వెడల్పుకు మించి అందేది కాదు. ఖగోళ శాస్త్రవేత్తకు ఈ ఖాళీలు ఎలా బాధిస్తాయో హైడ్రోజన్ కథ చెబుతుంది. విశ్వంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న హైడ్రోజన్ పరమాణువు 1420 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సన్నటి గీత ఇస్తుంది. విశ్వం వ్యాకోచిస్తున్నందువల్ల దూరపు గెలాక్సీ నుంచి వచ్చేసరికి ఆ గీత సాగి కింది పౌనఃపున్యాలకు జారుతుంది. సుమారు 800 కోట్ల ఏళ్ల నాడు బయలుదేరిన గీత 710 మెగాహెర్ట్జ్ దగ్గర చేరుతుంది. గెలాక్సీల్లో నక్షత్రాలు జోరుగా పుట్టిన కాలం ముగింపుకు వస్తున్న ఘట్టం అది. ఆ చోటు పాత బ్యాండ్లలో దేనికీ అందేది కాదు. డిష్ ఉంది, సంకేతం వచ్చి దాని మీద పడుతోంది, పట్టుకునే ఫీడ్ మాత్రం లేదు.

కొత్త ప్రణాళికలో 120 నుంచి 1450 వరకు దాదాపు మొత్తం పరిధిని నాలుగు బ్యాండ్లుగా పంచుకున్నారు. వాటి సంఖ్యలు రెండు నుంచి మొదలవుతాయి: రెండో బ్యాండ్ 120 నుంచి 250, మూడోది 250 నుంచి 500, నాలుగోది 550 నుంచి 850, ఐదోది 1000 నుంచి 1450. ఒకేసారి వినే వెడల్పు 400 మెగాహెర్ట్జ్‌ల దాకా పెరిగింది. వెడల్పు 12 రెట్లకు పైగా పెరిగితే నిరంతర వర్ణపటంలో సున్నితత్వం మూడున్నర రెట్లు పెరుగుతుంది. అంత మెరుగుదల డిష్‌లు పెంచి సాధించాలంటే 100కు పైగా డిష్‌లు కావాలి. యశ్వంత్ గుప్తా నాయకత్వంలో సాగిన ఈ పని తర్వాత దీన్ని అప్‌గ్రేడెడ్ జీఎంఆర్‌టీ, యూజీఎంఆర్‌టీ అని పిలుస్తున్నారు.

ఫీడ్ దగ్గరికి వెళ్దాం. డిష్ నుంచి తిరిగివచ్చిన తరంగాలన్నీ కలిసే చోట, జాలీకి 18 మీటర్లకు పైగా ఎత్తున, నాలుగు ముఖాలున్న టరెట్ ఒకటి తిరుగుతుంది. ఒక్కో ముఖం మీద ఒక్కో ఫీడ్. శాస్త్రవేత్తకు ఏ బ్యాండ్ కావాలో ఆ ముఖం డిష్ వైపు తిరుగుతుంది. ఒక ఇరుకైన పట్టీకి ఫీడ్ చేయడం తేలిక. 250 నుంచి 500 వరకు, అంటే కింది అంచుకు పై అంచు రెట్టింపు ఉండే పరిధి అంతటా ఒకే తీరుగా పనిచేసే ఫీడ్ చేయడం చాలా కష్టం. ఒక చివర బాగా వింటే రెండో చివర మందగిస్తుంది, లేదా డిష్ అంచులు దాటి నేల వేడిని కూడా వినడం మొదలుపెడుతుంది. ఇక్కడి ఇంజినీర్లు అడ్డంగా నిలువుగా అమర్చిన డైపోల్‌ల వెనక శంకువు ఆకారపు లోహపు భాగం పెట్టి దాన్ని సాధించారు. దాని వెంటనే వచ్చే తొలి యాంప్లిఫైయర్‌ను చల్లబరిచే ఏర్పాటేమీ లేదు, మామూలు వాతావరణంలోనే పనిచేస్తుంది. ఈ తక్కువ పౌనఃపున్యాల్లో మన పాలపుంత చేసే రొదే ఎక్కువ కనుక ఆ ఖర్చు పెట్టలేదు. అక్కర్లేని చోట డబ్బు పెట్టని ఈ వివేకం జాలీ డిష్ కట్టిన నాటిదే. బెంగళూరులోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ చేసిచ్చిన ఐదో బ్యాండ్ ఫీడ్ మొదటి నుంచీ వెడల్పుదే కనుక దాన్ని ఉంచి, దాని వెనకాలి ఎలక్ట్రానిక్స్‌ను మెరుగుపరిచారు.

ఈ మార్పుకు కొంత మూల్యం కూడా చెల్లించారు. పాత ఏర్పాటులో 610, 235 రెండూ ఒకే ఫీడ్‌లో ఇమిడి ఉండేవి. ఒకే డిష్‌తో రెండు పౌనఃపున్యాల్లో ఒకేసారి వినే వీలుండేది. ఆ స్థానంలో వెడల్పాటి నాలుగో బ్యాండ్ ఫీడ్ వచ్చాక ఆ సౌకర్యం పోయింది. దాన్ని ఇష్టపడి వాడినవాళ్లకు అది నష్టమే. నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం.

మరి పరిశీలనలు ఆపకుండా ఇదంతా ఎలా చేశారు? సగం జవాబు టెలిస్కోపు స్వభావంలోనే ఉంది. 30 యాంటెన్నాలను రెండేసిగా జత కడితే 435 జతలవుతాయి. బొమ్మ తయారయ్యేది ఆ జతల నుంచే. ఫీడ్ మార్చడానికి ఒక యాంటెన్నాను వంచి, ఎత్తే యంత్రం మీద మనుషులు పైకి వెళ్లి పని చేస్తున్నా, మిగతా 29తో 406 జతలు ఉంటాయి. పరిశీలన కొంచెం బలహీనపడుతుంది, ఆగదు.

మిగతా సగం జవాబు ఇంజినీర్ల ముందుచూపు. కొత్త ఫీడ్ నుంచి వచ్చే వెడల్పాటి సంకేతాన్ని, పాత రిసీవర్‌కు కావలసిన సన్నటి సంకేతాన్ని ఒకే ఆప్టికల్ ఫైబర్ మీద వేర్వేరు కాంతి రంగులుగా పంపారు. భూమిలో అప్పటికే ఉన్న కేబుల్ కిలోమీటర్ల కొద్దీ కొత్తగా తవ్వకుండానే రెండో దారి అయ్యింది. కేంద్ర భవనంలో పాత సంకేతం పాత కంప్యూటర్లకు, కొత్తది కొత్త కంప్యూటర్లకు పోయేది. పాత వ్యవస్థ మీద నమ్మకం ఉన్న శాస్త్రవేత్త తన పని తాను చేసుకుంటాడు. కొత్తదాన్ని పరీక్షించేవాళ్లకు పోల్చి చూసుకోవడానికి ప్రమాణం ఎప్పుడూ పక్కనే ఉంటుంది. ఒకే రేడియో మూలాన్ని రెండు దారుల్లోనూ ఒకేసారి విని, జవాబులు కలుస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. ఈ ఒక్క నిర్ణయమే లేకపోతే కొత్త సామగ్రిలో ఏ తేడా వచ్చినా తప్పు ఆకాశానిదో యంత్రానిదో తేల్చుకోలేక నెలలు పోయేవి. కొన్ని యాంటెన్నాలతో మొదలైన కొత్త వ్యవస్థ విడతలుగా అన్నిటికీ పాకింది. పూర్తిగా పరీక్ష కాని దశలోనే శాస్త్రవేత్తలకు ఇచ్చారు, కానీ ఆ మాట ముందే చెప్పి, ఫలితం రాకపోయే అవకాశాన్ని నడిపేవాళ్లూ వాడేవాళ్లూ పంచుకునే షరతు మీద ఇచ్చారు.

కొత్త కంప్యూటర్ల పని గురించి ఒక్క లెక్క చాలు. 400 మెగాహెర్ట్జ్‌ల వెడల్పును అంకెల్లోకి మార్చాలంటే ఒక్కో సంకేతాన్ని సెకనుకు 80 కోట్ల సార్లు కొలవాలి. ఒక్కో యాంటెన్నా నుంచి రెండు ధ్రువణాలు, మొత్తం 60 సంకేతాలు. యాంటెన్నాల దూరాలను బట్టి తరంగం ఒక్కోదానికి ఒక్కో క్షణాన చేరుతుంది. భూమి తిరుగుతున్న కొద్దీ ఆ తేడా మారుతూనే ఉంటుంది. దాన్ని సరిదిద్ది, వేల సన్నటి చానెళ్లుగా విడదీసి, 435 జతలనూ గుణించి కూడాలి, అదీ నిలవ పెట్టుకోకుండా ఎప్పటికప్పుడు. సంకేతాన్ని అంకెలుగా మార్చి పొట్లాలు కట్టే పని ఎఫ్‌పీజీఏ బోర్డులకు, గుణకారాల పని వీడియో గేములకు వాడే తరహా గ్రాఫిక్స్ ప్రాసెసర్లకు అప్పగించారు. బజారులో దొరికే సామగ్రినే కొని, దాని సామర్థ్యాన్ని చివరి చుక్క దాకా పిండే సాఫ్ట్‌వేర్ రాసుకున్నారు. సామగ్రి పాతబడితే మార్చుకోవచ్చు, రాసిన పద్ధతి చేతిలో ఉంటుంది.

వెడల్పు పెరిగితే ఇంకో చిక్కు వస్తుంది. ఆకాశంతో పాటు మనిషి చేసే రొద కూడా అంత వెడల్పునా వినిపిస్తుంది. మొబైల్ టవర్లు, ఉపగ్రహాలు, టీవీ ప్రసారాలు కొన్ని నిర్దిష్ట పౌనఃపున్యాల్లో ఉంటాయి కనుక ఫిల్టర్లతో ఆపవచ్చు. కరెంటు తీగల సంగతి వేరు. వదులైన బిగింపు దగ్గరో, పగిలిన ఇన్సులేటర్ దగ్గరో చిన్న నిప్పురవ్వ లేస్తే ఆ చప్పుడు పట్టీ అంతటా ఒక్కసారిగా పొడుచుకొస్తుంది. దీని కోసం ఒక్కో యాంటెన్నా సంకేతం అంకెలుగా మారిన వెంటనే, మిగతా వాటితో కలవక ముందే, మెరుపు వేగంతో పరీక్షించే ఫిల్టర్ చేశారు. మామూలు స్థాయి ఎంతో తెలిస్తే దాన్ని దాటిన అంకెను పక్కన పెట్టవచ్చు. కానీ సగటు తీస్తే పెద్ద పోటు ఒక్కటి వచ్చినా సగటే పైకి జరిగిపోయి దొంగను దాచేస్తుంది. అందుకని వరస మధ్యలో నిలిచే విలువను, మధ్యగతాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. పదో ఇరవయ్యో పోట్లు వచ్చినా మధ్యగతం చెదరదు. ఇది పనిచేస్తోందని చూపడానికి పాటించిన పద్ధతి మరీ ముచ్చటగా ఉంటుంది. ఒకే యాంటెన్నా అంకెలకు నకలు తీసి, ఒకదాన్ని ఫిల్టర్ గుండా, ఇంకోదాన్ని ఫిల్టర్ లేకుండా పంపి, రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టారు. ఆకాశం అదే, క్షణం అదే, యాంటెన్నా అదే. ఇక వాదానికి చోటుండదు. శాస్త్రవేత్త డేటాను తాకే ఏ పరికరానికైనా ఈ స్థాయి పరీక్ష ఉండాలి.

బయటి లోకంతోనూ వాళ్లు మాట్లాడుతూనే ఉండాలి. ఏ స్తంభం దగ్గర రవ్వ లేస్తోందో వెతికి పట్టుకుని విద్యుత్ శాఖకు చెప్పి బాగుచేయించడం ఇక్కడి ఇంజినీర్ల ఉద్యోగంలో భాగం. పుణే నాసిక్‌ల మధ్య తలపెట్టిన కొత్త రైలు మార్గం టెలిస్కోపు పక్కగా వెళ్తుందని తెలిశాక దారి మార్చక తప్పదని రైల్వే శాఖ చెప్పవలసి వచ్చింది.

శాస్త్రవేత్త వైపు నుంచి ఇదంతా ఎలా ఉంటుందో చూద్దాం. ఏటా రెండు సార్లు ప్రతిపాదనలు పిలుస్తారు. ఉన్న గంటల కన్నా అడిగే గంటలు ఎప్పుడూ ఎక్కువే. కాల కేటాయింపు సంఘం వాటిని చదివి సమయం పంచుతుంది. ఆకాశంలో అనుకోకుండా ఏదైనా పేలితే వెంటనే చూడడానికి వేరే దారి ఉంది. సమయం దొరికినవాళ్లు ఏ మూలాన్ని ఎప్పుడు, ఎంతసేపు, మధ్యలో ఏ ప్రామాణిక మూలం వైపు తిరగాలో ఆదేశాల ఫైలు రాసిస్తారు. కంట్రోల్ రూములో ఆపరేటర్లు రాత్రింబవళ్లు షిఫ్టుల్లో ఉంటారు. ఏ యాంటెన్నా ఎంత శక్తి చూపిస్తోంది, దేని దశ జారిపోతోంది, గాలి వేగం పెరిగి డిష్‌లను నిటారుగా నిలిపి బ్రేకు వేయాలా అన్నది చూసేది వాళ్లే. పరిశోధనా పత్రం మీద వాళ్ల పేర్లు ఉండవు, చివర్లో కృతజ్ఞత చెప్పే ఒక్క వాక్యంలో ఉంటారు. ఆ వాక్యాన్ని నేను ఎప్పుడూ శ్రద్ధగా చదువుతాను.

డేటా చేతికి వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. తక్కువ పౌనఃపున్యాల్లో మన అయనోమండలం తరంగాల దశను చెదరగొడుతుంది, అదీ ఆకాశంలో ఒక్కో దిక్కుకు ఒక్కో రకంగా. దాన్ని సరిదిద్దే పద్ధతిని నెదర్లాండ్స్‌కు చెందిన హ్యూబ్ ఇంటెమా స్పామ్ అనే పేరుతో తయారుచేశాడు. జీఎంఆర్‌టీతో 2010 నుంచి 2012 వరకు 150 మెగాహెర్ట్జ్‌లో తీసిన ఆకాశ సర్వే డేటాను ఆయనా సహచరులూ ఆ పద్ధతితో మళ్లీ మొదటి నుంచి శుద్ధి చేసి 2017లో ప్రకటించారు. ఆకాశంలో దాదాపు 90 శాతం, 6 లక్షలకు పైగా రేడియో మూలాలు అందులో ఉన్నాయి. వేరే ఎవరో పెట్టిన గంటల నుంచి ఇంత పంట తీయగలిగారంటే డేటాను జాగ్రత్తగా దాచి, అందరికీ అందేలా పెట్టిన భాండాగారమే కారణం. యూజీఎంఆర్‌టీ డేటా కోసం రుతా కాలే, ఈశ్వర చంద్ర క్యాప్చర్ అనే పైప్‌లైన్ రాసి అందరికీ ఇచ్చారు. కొత్తగా వచ్చిన విద్యార్థి చెడిన డేటాను తీసేయడం నుంచి తొలి బొమ్మ దాకా దాని సాయంతో వెళ్లగలడు. పుణేలో నడిచే రేడియో ఖగోళ పాఠశాల పాఠాలు పుస్తకంగా కూడా వచ్చాయి.

ఈ పనికి ఫలం త్వరగానే కనిపించింది. 2016 అక్టోబరు 19న ఐరోపా అంతరిక్ష సంస్థ నౌక స్కియాపరెల్లి అంగారకుడి మీద దిగుతున్నప్పుడు దాని బలహీనమైన 401 మెగాహెర్ట్జ్ సంకేతాన్ని 17 కోట్లకు పైగా కిలోమీటర్ల దూరం నుంచి ఖోడద్‌లో విన్నారు. పాత 325 పట్టీకి అందని చోటది, కొత్త మూడో బ్యాండ్ పట్టుకుంది. నౌక నేలను ఢీకొట్టి ధ్వంసమైంది. దాని సంకేతం చివరి దాకా ఎలా వచ్చిందో, ఎక్కడ తెగిందో ఇక్కడి నుంచి చూడగలిగారు. 2020లో ఆదిత్య చౌధురి, నిస్సిమ్ కనేకర్ తదితరులు 7,653 గెలాక్సీల సంకేతాలను ఒకదానిమీద ఒకటి కూర్చి, 800 కోట్ల ఏళ్ల నాటి హైడ్రోజన్‌ను కొలిచారు. పైన చెప్పిన 710 మెగాహెర్ట్జ్ పరిసరాలే అవి, నాలుగో బ్యాండ్ తెరిచిన చోటు.

పల్సార్ల పని మన దగ్గరికి ఇంకాస్త చేరువ. గురుత్వ తరంగాల జాడ కోసం, గడియారంలా క్రమంగా సంకేతాలిచ్చే పల్సార్ నక్షత్రాల టిక్కుల వేళను చాలా ఖచ్చితంగా కొలుస్తారు. దారిలోని ఎలక్ట్రాన్లు ఆ టిక్కులను తక్కువ పౌనఃపున్యాల్లో ఎక్కువ ఆలస్యం చేస్తాయి. ఆ ఆలస్యం తెలియకపోతే కొలత చెడుతుంది. ఇండియన్ పల్సార్ టైమింగ్ అరే బృందం యాంటెన్నాలను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుతో మూడో బ్యాండ్‌లో, రెండో జట్టుతో ఐదో బ్యాండ్‌లో అదే పల్సార్‌ను ఒకేసారి వింటుంది. ఒకే డిష్ ఇచ్చే సౌకర్యం పోయిన చోట ఇలా జట్లు కట్టుకున్నారు. 2023 జూన్‌లో ఐరోపా బృందంతో కలిసి ఆ తరంగాల నేపథ్యానికి ఆధారాలు ప్రకటించినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. సంగారెడ్డి దగ్గర కంది ప్రాంగణంలోని ఐఐటీ హైదరాబాద్ అధ్యాపకులు, విద్యార్థులు ఈ బృందంలో ఉన్నారు. ఖోడద్ గంటలు తెలుగు నేల మీద ఒక ల్యాబులో వేళల పట్టికలుగా మారుతున్నాయి.

పని ఇంకా సాగుతోంది. 2024 సెప్టెంబరులో పుణేకు ఇచ్చిన పరం రుద్ర సూపర్ కంప్యూటర్‌ను ఇప్పుడు వేగవంతమైన రేడియో పేలుళ్లను వెతకడానికి జీఎంఆర్‌టీతో కలుపుతున్నారు. సాధారణంగా సెకనులో కొన్ని వెయ్యో వంతులు మాత్రమే ఉండే ఈ పేలుళ్లు ఎప్పుడు ఏ దిక్కున వస్తాయో తెలియదు. కనుక దీని కోసం వేరే సమయం అడగరు. ఎవరో ఒక శాస్త్రవేత్త తన గెలాక్సీ వైపు టెలిస్కోపును తిప్పి పెట్టుకుంటే, ఆయన పరిశీలనకు ఆటంకం లేకుండా, అదే సంకేతానికి మరో నకలు తీసి పక్కన వెతుకుతారు.